రంగేస్తే బాగుచేసినట్టేనా?

పాత వ్యవసాయ యంత్రాల్ని బాగుచేసే వీడియోలు నెట్లో బోలెడున్నాయి. వరస ఒకటే. తుప్పు గీకుతారు, ఎర్రరంగో పచ్చరంగో వేస్తారు, "అప్పుడు - ఇప్పుడు" అని రెండు ఫొటోలు పెడతారు. నా గొడవల్లా ఒకటే: అది పని చేస్తుందా? గడ్డిమిషనైతే ఒక్క కట్టయినా కట్టిందా? ఆ ముక్క చాలామంది చెప్పరు.

బెల్టుతో నడిచే పాత బేలర్నే తీసుకోండి. (బేలరంటే ఎండుగడ్డిని నొక్కి కట్టలు కట్టే మిషను. ఇప్పుడు మన వరిపొలాల్లో ట్రాక్టరు వెనక తిరుగుతున్నది దీని మునిమనవరాలే.) అమెరికాలో ఒకప్పుడు ఇది పొలంలో తిరిగేది కాదు. ఒకచోట కూర్చునేది, గడ్డే దాని దగ్గరకి రావాలి. కాస్త దూరంలో స్టీమింజనో ట్రాక్టరో నిలబెట్టి, దాని పుల్లీకీ దీని పుల్లీకీ పొడుగాటి బెల్టు వేసేవాళ్ళు. ఆయిలింజనుతో నడిచే పాత పిండిమర చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. అంత దూరం ఎందుకయ్యా అంటే, ఇటు ఎండుగడ్డి, అటు ఇంజన్లోంచి నిప్పురవ్వలు. మీరే ఊహించుకోండి.

లోపల ప్లంజరు ముందుకీ వెనక్కీ ఆడుతూ గడ్డిని పెట్టెలోకి కుక్కుతుంది. కట్ట సరిపడా పొడుగు రాగానే ఒకాయన గాడులున్న చెక్క దిమ్మని లోపలికి వదలాలి. ఇటుపక్క మనిషి ఆ గాడిలోంచి తీగ దూరిస్తే, అటుపక్క మనిషి అందుకుని, కట్ట రెండో కొసనున్న దిమ్మ గాడిలోంచి తిప్పి పంపాలి. తర్వాత చివర్లు మెలేసి ముడెయ్యాలి. ఇదంతా మిషను నడుస్తుండగానే! 1940లో న్యూ హాలండ్ కంపెనీ, తనే గడ్డి ఏరుకుని తనే ముడేసుకునే బేలరుని అమ్మకానికి తెచ్చింది. ఆ తర్వాత మెల్లిగా ఈ జట్లకి పని లేకుండా పోయింది.

ఇలాంటి మిషను ఒకటి దొరికితే మన ఇంజనీరు బుర్రకి ముందు తట్టేదేంటి? "ఈ బెల్టు గోలెందుకు, ఓ కరెంటు మోటారు నేరుగా తగిలించేద్దాం." సరిగ్గా ఇక్కడే నా అభ్యంతరం. బెల్టు పని తిప్పడం ఒక్కటే కాదు. గడ్డి మరీ ఎక్కువపడి ప్లంజరు ఇరుక్కుంటే బెల్టు జారుతుంది, లేదా ఊడి కిందపడుతుంది. ఆ కాస్త జారుడే పోత ఇనుప పళ్ళచక్రాన్ని కాపాడుతుంది. దాన్ని తీసేసి, బదులుగా ఇంకో రక్షణ పెట్టకుండా మోటారు బిగిస్తే, ఆ విసురంతా చక్రం మీదే పడుతుంది. విరిగిందా, కొత్తది బజార్లో దొరకదు.

బేరింగులదీ అదే కథ. చాలావాటిలో బాబిట్ అనే మెత్తటి లోహం కరగబోసి ఉంటుంది. షాఫ్టు బదులు తను అరగడానికే దాన్నలా పోశారు. అరిగితే తీసేసి మళ్ళీ పోసుకోవచ్చు. పుల్లీ నడుమ కాస్త ఉబ్బుగా ఉందని దాన్ని చదును చేశారనుకోండి, బెల్టు నిలవదు. ఆ ఉబ్బే బెల్టుని మధ్యలో నిలబెట్టేది.

మనం రోజూ తిట్టుకునే లెగసీ కోడ్‌ సంగతీ ఇంతే కదా? "ఈ లైను ఎందుకుందో తెలీదు, పీకేద్దాం" అని పీకేస్తాం. అది ఏ అర్ధరాత్రి ఏ ప్రమాదాన్ని ఆపుతోందో ప్రొడక్షన్లో తెలుస్తుంది. మార్చొద్దని నేననడం లేదు. చెక్క కుళ్ళితే కొత్త చెక్క వెయ్యాల్సిందే. కానీ ఏ భాగం చెప్పకుండా ఏ పని చేస్తోందో తెలుసుకున్నాకే దానిమీద చెయ్యి వెయ్యాలి.

అలాగని "అంతా అసలు ఉన్నట్టే ఉండాలి" అనే వాళ్ళతోనూ నాకు పేచీ ఉంది. చుట్టూ కంచె కట్టనివ్వరు, పళ్ళచక్రాలకి మూత వెయ్యనివ్వరు, అందం పోతుందట. చెయ్యి పోతేనో? తెగిన బెల్టు దెబ్బ మామూలుగా ఉండదు. మూతలు వెయ్యాలి, బెల్టు దారిలో ఎవర్నీ నిలబడనివ్వకూడదు. ఇందులో బేరాల్లేవు.

మిషను సరే, తీగ దూర్చే లయ, దిమ్మ వదిలే అదను తెలిసిన మనుషులో? అది ఏ మాన్యువల్లోనూ పూర్తిగా దొరకదు. నడిపితేనే ఒకరి నుంచి ఇంకొకరికి వస్తుంది. పెన్సిల్వేనియాలో ఆమిష్ పల్లెలు చూడ్డానికి లాంకాస్టర్ వెళ్ళే మనవాళ్ళు ఆ పక్కనే ఉన్న కింజర్స్‌లో ఆగి చూడండి. 1948లో మొదలైన రఫ్ అండ్ టంబుల్ సంఘం వాళ్ళు ఏటా ఆగస్టులో పాత యంత్రాల జాతర పెడతారు. అక్కడ యంత్రాల్ని ఊరికే నిలబెట్టరు, నడిపి చూపిస్తారు.

నా మాట ఇదీ: రంగు చివర్న. ముందు ఒక్క కట్ట కట్టి చూపించండి. మీరేమంటారు?