మైకు ఆగిన తరువాత ఎవరు వెళ్తారు?



ప్రియులారా, ఈ వారం ధ్యానము కొందరికి నొప్పి కలిగించవచ్చు. ముందు మాకే కలిగింది గనుక రాస్తున్నాము. వాక్యభాగము 1 థెస్సలొనీకయులకు 2:8. పౌలు ఆ సంఘమునకు సువార్తను మాత్రమే కాదు, తన ప్రాణమును కూడా ఇవ్వడానికి సిద్ధపడ్డానని అక్కడ చెప్తున్నాడు. మనము మొదటిది ఇచ్చి రెండవది దాచుకుంటున్నాము. మా వాదన ఇదే.

కొన్నేళ్ల క్రితం మా సంఘము మూడు రాత్రులు ఉజ్జీవ కూడికలు పెట్టింది. షామియానా, సౌండు బాక్సులు, బయటి ఊరి ప్రసంగీకుడు, వచ్చిన వారందరికీ భోజనము. చందాల కోసం ఇల్లిల్లూ తిరిగాము. అందులో ఒక అవ్వ ఇల్లు ఉంది. కొడుకూ కోడలూ మిరప కోతకు గుంటూరు వైపు వలస పోయారు. అవ్వ మంచం పట్టి ఉంది. గుమ్మంలోనే నిలబడి ప్రార్థన చేసి, కూడికలు అయిపోగానే వస్తామని చెప్పి వచ్చేశాము. రెండో రాత్రి కూడిక ముగిసి తెల్లవారేలోగా అవ్వ కన్ను మూసింది.

ఆ చివరి రోజుల్లో ఆమెకు గంజి కాచి పోసింది, పక్క బట్టలు మార్చింది పక్కింటామె. ఆ తల్లి మన మందిరంలో ఎన్నడూ అడుగుపెట్టలేదు. ఆమె ఇంట్లో సుంకులమ్మ పటము ఉంటుంది. భూస్థాపన అయ్యాక మమ్మల్ని పక్కకు పిలిచి అడిగింది: "ఏం పాస్టరయ్యా, మీ మైకు మా ఇంటిదాకా ఇనపడె. మీరు మాత్రం రాకపోతిరి. అయ్య వచ్చినాడా అని అవ్వ రెండు తూర్లు అడిగె."

ఆమె కోపంతో అనలేదు. కోపంతో అని ఉంటే ఏదో ఒక జవాబు చెప్పేవాళ్లము. లూకా 10లో గాయపడినవాణ్ణి చూసి దాటిపోయిన యాజకుని గురించి, లేవీయుని గురించి మేము ఎన్నిసార్లు ప్రసంగించామో లెక్క లేదు. వారు కూడా ఏదో కూడికకే త్వరపడి పోతున్నారేమో! ఆ రోజు మా ఊరిలో సమరయుడు ఎవరో మేము చెప్పనక్కర లేదు.

"అయితే బహిరంగ సువార్త మానెయ్యమంటారా పాస్టరుగారూ?" అని కొందరు అడుగుతారు. మానమని మేము అనడం లేదు. పౌలు సంతవీధిలో మాట్లాడాడు. కాని అదే పౌలు ఎఫెసులో మూడేళ్లు ఉండి, కన్నీళ్లతో ఒక్కొక్కరికి బుద్ధి చెప్పాడని అపొస్తలుల కార్యములు 20లో ఉంది. ఒక రాత్రి మాట్లాడి తెల్లవారి కారెక్కి పోవడానికి, మూడేళ్ల కన్నీళ్లకు ఎంత దూరం ఉందో ఆలోచించండి. ఇప్పుడు మైకు జేబులోకి కూడా వచ్చింది. లైవులో ఎంతమంది చూశారో మనకు తెలుసు. ఆ వారం మందిరానికి రాని వారు ఎందుకు రాలేదో తెలియదు.

మన ప్రసంగీకులకు ఎంతో ఇష్టమైన అంకె ఒకటుంది. 1878 జులై 3న ఒంగోలు ప్రాంతంలో గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మము పొందారు. ప్రతి ఉజ్జీవ సభలోనూ ఈ అంకె వింటాము. దానికి ముందు జరిగినది మాత్రం ఎవరూ చెప్పరు. 1876 నుండి 78 వరకు ధాత కరువు మన కర్నూలునూ, కడపనూ, బళ్లారినీ, నెల్లూరు సీమనూ కాల్చేసింది. జాన్ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడు మైళ్లకు పైగా పని గుత్తకు తీసుకొని ఆకలితో ఉన్నవారికి కూలి ఇచ్చాడు. ఆయన బోధకులు ఆ పని దగ్గరే ఉండి, కూలీలు అలసి కూర్చున్నప్పుడు వారితో కూర్చొని మాట్లాడారు. కాని బాప్తిస్మము ఇమ్మని అడిగినవారికి దొర ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారన్న మాట రాకూడదని పదిహేను నెలలు ఆ తలుపు మూసి ఉంచాడు.

ప్రియులారా, దీనిని జాగ్రత్తగా గమనించండి. కూలి ఇచ్చిన చెయ్యి బదులు ఏమీ అడగలేదు. ఈనాడు మనలో కొందరు పది కేజీల బియ్యం ఇచ్చి ఇరవై ఫోటోలు తీస్తారు. తరువాత "బియ్యానికి మతం మారుస్తున్నారు" అని బయటివారు నింద వేస్తే హింస వచ్చిందంటారు. హింస నిజంగా ఉన్న చోట ఓర్చుకుందాము. కాని ప్రతి నిందా హింస కాదు. కొన్ని మన ఫోటోలలో నుండే పుట్టాయి.

ఆ 2,222కు ఇంకా వెనుకకు వెళ్తే తాళ్లకొండపాడు ఎర్రగుంట్ల పేరయ్యగారు కనబడతారు. తోలు పని చేసే మాదిగ కులస్థుడు. ఊరూరా నడిచి, తన బంధువుల ఇళ్లలో కూర్చొని తాను కనుగొన్న ప్రభువును గురించి చెప్పాడు. ఒంగోలు ఉజ్జీవము షామియానా కింద మొదలు కాలేదు, చుట్టరికంలో మొదలైంది.

1910లో ఎడిన్‌బరోలో లోకమంతటి నుండి మిషనరీలు కూడినప్పుడు మన దోర్నకల్‌లో సేవ చేస్తున్న వి. ఎస్. అజరయ్యగారు లేచి ఒక చేదు మాట చెప్పారు. మీరు మాకు ఆస్తులిచ్చారు, త్యాగము చేశారు, ఇక మాకు స్నేహితులను ఇవ్వండి అన్నది ఆ మాట సారము. దొరలకు అది గుచ్చుకుంది. రెండేళ్లకు ఆయనే దోర్నకల్ బిషప్పు అయ్యారు. ఈ రోజు ఆ మాట దొరలకు కాదు, మనకే. మన వీధిలో మన కులము కాని వారి ఇంట్లో ఎన్నిసార్లు కూర్చొని జొన్నరొట్టె తిన్నాము?

ఇక్కడ ఒక హెచ్చరిక. "సరే, స్నేహము చేసి సంఘములోకి తెద్దాము" అని కొందరు అప్పుడే లెక్క వేస్తారు. అది స్నేహము కాదు, గాలానికి గుచ్చిన ఎర. ఆ పక్కింటామె బ్రతుకంతా మందిరానికి రాకపోయినా ఆమెకు జ్వరం వస్తే మనము వెళ్తామా? వెళ్తాము అనగలిగితేనే అది ప్రేమ. అడిగినవారికి మన నిరీక్షణను గూర్చి చెప్పమన్నాడు పేతురు. అడిగేటట్టు బ్రతకాలి, అడిగినప్పుడు దాచకూడదు.

మన ఓర్వకల్లు ఆడవాళ్లు పొదుపు సంఘాలను మైకుతో కట్టలేదు. చాప మీద కూర్చొని ఒకరి అప్పు, ఒకరి కన్నీరు ఒకరు తెలుసుకొని కట్టారు. ఊరి పక్కన 2021లో విమానాశ్రయము వచ్చింది. విమానము ఎక్కని మన జనము ఇప్పటికీ లారీలో వలస పోతున్నారు. వారి వెనుక ముసలివారు, బడి పిల్లలు మిగులుతున్నారు. మన మిషను పొలము అదే.

కాబట్టి ఈ సంవత్సరము వలస కాలంలో మా సంఘము కూడికలు పెట్టదు. ప్రతి కుటుంబము రెండు ఇళ్లను చూసుకోవాలని అడుగుతున్నాము. ఒకటి మన సంఘపు ఇల్లు, ఒకటి కానిది. మందులు తెచ్చివ్వండి, కర్నూలు పెద్దాసుపత్రికి తోడు వెళ్లండి, వలస పోయిన కొడుక్కి ఫోను కలిపి ఇవ్వండి. ఎవరూ మాకు రిపోర్టు ఇవ్వవద్దు, ఫోటో పంపవద్దు. మేము కూడా రెండు ఇళ్లు తీసుకున్నాము. మొదటిది ఆ పక్కింటామెది.

తొంబది తొమ్మిదింటిని విడిచి ఒక్కదానిని వెదకిన మంచి కాపరి మన కాళ్లను గుమ్మము దాటించి మంచము దాకా నడిపించును గాక. ఆమేన్.