పైథాన్‌లో మార్పు కావాలంటే ఎవరిని అడగాలి? ‘కాదు’ అన్న ప్రతిపాదనలనూ ఎందుకు భద్రపరుస్తారు?

ప్రభుత్వ కార్యాలయంలో అర్జీ ఇస్తే రసీదు మీద ఒక నంబరు ఇస్తారు. కొన్నాళ్లకు ఆరా తీస్తే ‘పరిశీలనలో ఉంది’ అంటారు. ఎవరి పరిశీలనలో ఉంది? ఎందుకు ఆగింది? కాదన్నారంటే కారణమేంటి? ఈ మూడింటికీ జవాబు దొరకడం అంత తేలిక కాదు.

ఎక్కువగా వాలంటీర్ల శ్రమతోనే నడిచే ఒక ఓపెన్‌సోర్స్ సమూహం మాత్రం ఈ మూడింటికీ జవాబు రాతపూర్వకంగా ఉండాలని పాతికేళ్ల కిందటే నియమం పెట్టుకుంది. అదే పైథాన్ సమూహం.

అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల నుంచి కృత్రిమ మేధ పరిశోధనశాలల వరకు పైథాన్ వాడకం ఉంది. గిడో వాన్ రోసమ్ 1991లో తొలిసారి విడుదల చేసిన ఈ ప్రోగ్రామింగ్ భాషను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. మార్పులు కోరవచ్చు కూడా.

పెప్ అంటే ఏంటి?

పైథాన్ ఎన్‌హాన్స్‌మెంట్ ప్రపోజల్‌కు పొట్టి పేరు పెప్. అంటే పైథాన్‌ను మెరుగుపరిచే ప్రతిపాదన. ఈ విధానం 2000లో మొదలైంది. ప్రతిపాదన ఎలా రాయాలో చెప్పే పత్రమే పెప్ 1.

చిన్న లోపాలకు ఇది అక్కర్లేదు. వాటికి ఫిర్యాదుల జాబితా వేరే ఉంది. 2022 నుంచి అది గిట్‌హబ్‌లో నడుస్తోంది. భాష తీరునే మార్చే పెద్ద ఆలోచనలకు మాత్రం పెప్ కావాలి.

ఈ మార్పు ఎందుకు, పాత ప్రోగ్రాములు దెబ్బతింటాయా, కొత్తవారికి దీన్ని ఎలా నేర్పాలి అన్నవన్నీ అందులో రాయాలి. పరిశీలించి వద్దనుకున్న ప్రత్యామ్నాయాలకూ ఒక విభాగం ఉంటుంది.

ప్రతిపాదన ఎక్కడుందో ఎలా తెలుస్తుంది?

ఎడిటర్లు ప్రతి పెప్‌కూ ఒక నంబరు ఇస్తారు. అది ఏ దశలో ఉందో పత్రం పైనే కనిపిస్తుంది. ముసాయిదా, ఆమోదం, తిరస్కరణ, ఉపసంహరణ, వాయిదా వంటివి ఆ దశలు. ఆమోదం వచ్చినంత మాత్రాన పని పూర్తయినట్టు కాదు. కోడ్ రాసి, భాషలో చేర్చాకే ‘ఫైనల్’ అవుతుంది.

కాదన్న ప్రతిపాదనను తొలగించరు. కారణంతో సహా అదే నంబరు మీద ఉంచుతారు.

దానివల్ల లాభమేంటి?

స్విచ్-కేస్ ఉదంతం చూద్దాం. సీ, జావా భాషల్లో ఉండే ఈ సదుపాయం పైథాన్‌లోనూ కావాలని 2001లో పెప్ 275 వచ్చింది. 2006లో పెప్ 3103 వచ్చింది. రెండూ తిరస్కరణకు గురయ్యాయి. రెండోది రాసింది స్వయంగా వాన్ రోసమే. 2007లో పైకాన్ సదస్సులో చేతులెత్తమని అడిగితే పెద్దగా మద్దతు రాలేదు. దాంతో తన ప్రతిపాదనను తానే తిరస్కరించారు. ఆ సంగతి పత్రంలోనే రాసి ఉంది.

2020లో ఇదే అవసరాన్ని మరింత విస్తృతంగా తీర్చే పెప్ 622 వచ్చింది. అది మరీ పెద్దదవడంతో మూడు పత్రాలుగా విడదీశారు. 2021లో ఆమోదం దక్కింది. అదే ఏడాది అక్టోబరులో వచ్చిన పైథాన్ 3.10లో ‘మ్యాచ్’ పేరుతో చేరింది. ఇరవై ఏళ్ల ఈ చరిత్రను ఇవాళ ఎవరైనా వరుసగా చదువుకోవచ్చు.

మరి 2018లో ఎందుకు బెడిసికొట్టింది?

అప్పటిదాకా చివరి మాట వాన్ రోసమ్‌దే. పెప్ 572 మీద తీవ్రమైన వాదోపవాదాలు నడిచాయి. దాన్ని ఆమోదించాక, 2018 జులైలో ఆయన ఆ బాధ్యత నుంచి తప్పుకున్నారు. వారసుణ్ని ప్రకటించలేదు.

అంటే రికార్డు పక్కాగా ఉంటే చాలదన్నమాట. నిర్ణయ భారమంతా ఒక్కరి మీదే పడితే ఆ మనిషి అలసిపోతాడు.

ఆ తర్వాత పాలన ఎలా ఉండాలన్న ప్రశ్ననూ పెప్‌ల ద్వారానే తేల్చారు. 8010 నుంచి 8016 వరకు ఏడు నమూనాలు పోటీపడ్డాయి. ఓటింగ్‌లో పెప్ 8016 గెలిచింది. దాని ప్రకారం 2019 మొదట్లో ఐదుగురు సభ్యుల స్టీరింగ్ కౌన్సిల్ ఎన్నికైంది. ఒకే సంస్థలో పనిచేసేవారు ఇందులో ఇద్దరికి మించి ఉండకూడదు.

లోపాలు లేవా?

ఉన్నాయి. ప్రధాన డెవలపర్ కానివారు పెప్ రాయాలంటే, లోపలి వ్యక్తి ఒకరు స్పాన్సర్‌గా ముందుకు రావాలి. అనవసర ప్రతిపాదనలను ఇది వడకడుతుంది నిజమే. కానీ పరిచయాలు లేనివారికి, ఇంగ్లిషులో గట్టిగా వాదించలేనివారికి ఇదే అడ్డుగోడ. చర్చలను చదివి తేల్చాల్సింది మనుషులే కాబట్టి జాప్యమూ తప్పదు.

మనకెందుకు?

పరిపాలనా నిర్ణయాలకు కారణాలను ప్రభావితులకు తెలపాలని 2005 నాటి సమాచార హక్కు చట్టంలోని సెక్షన్ 4 చెబుతోంది. అడగకముందే తెలపాలన్నది దాని ఉద్దేశం. పైథాన్ సమూహం చేస్తున్నదీ దాదాపు అదే. అర్జీ పెట్టుకున్న ప్రతి ఒక్కరికీ ‘అవును’ అని చెప్పడం ఏ వ్యవస్థకూ సాధ్యం కాదు. కానీ ఎవరు కాదన్నారో, ఎందుకన్నారో రాసిపెట్టడం సాధ్యమే. అది ఉంటే అడిగినవారు లోపాన్ని సరిదిద్దుకుని మళ్లీ రాగలరు. లేకపోతే వారి చేతిలో మిగిలేది రసీదు నంబరు ఒక్కటే.