మెట్ల కింద చెత్త

ప్రశ్న: నేను అచ్యుతాపురంలో ఒక ఆఫీసులో పనిచేస్తున్నాను. చెత్తంతా మెట్ల కింద పోగేస్తారు. నా బల్ల ఆ పక్కనే. ఆఫీసులో అడుగుపెట్టింది మొదలు తుమ్ములు. ఆదివారం ఇంట్లో ఉంటే రావు. ఇప్పుడు కొత్తగా 'గ్రీన్ బిల్డింగ్' కడుతున్నారు. ప్లానులో చెత్తకు గదే లేదు. నేనేం మాత్ర వాడాలి?
- ఒక పాఠకురాలు

జవాబు: తుమ్ములకు మాత్రలున్నాయమ్మా, కాని వాటి కారణం మెట్ల కింద ఉంది. కాగితాల దుమ్ము, చెమ్మ పట్టిన అట్టపెట్టెల మీది బూజు మీ ముక్కులోకి పోతున్నాయి. సముద్రం దగ్గరి ఊరు గనుక అక్కడ బూజుకు కొదవ ఉండదు.

తుమ్ములతో పోతే మంచిదే. పారేసిన అన్నానికి ఎలుకలు చేరతాయి. వాటి మూత్రం కలిసిన నీళ్లలో పగుళ్లున్న కాలు పెడితే లెప్టోస్పైరోసిస్ రావచ్చు. ఊడ్చే మనిషికే ఆ ప్రమాదం ఎక్కువ. చోటు చాలక పెరట్లో విసిరిన టీ కప్పులో వాననీరు నిలిచిందా, డెంగీ దోమ గుడ్డు ఎనిమిది పది రోజుల్లో ఎగిరే దోమ అవుతుంది. అది కుట్టేది పగలే, అంటే మీ ఆఫీసు వేళల్లోనే!

ఇక కొత్త భవనం. 'లీడ్' సర్టిఫికెట్టు కోసం కడుతుంటే మీ యజమానికి ఈ మాట చెప్పండి. తిరిగి వాడుకోదగిన చెత్తకు ప్రత్యేకించిన చోటు చూపనిదే ఆ సర్టిఫికెట్టు రాదు. 2003లో హైదరాబాదు గ్రీన్ బిజినెస్ సెంటరు అందులో ప్లాటినం స్థాయి పొందింది. అమెరికా బయట అదే మొదటిది. ఎంత చోటు అంటారా? లీడ్ పాత మార్గదర్శకాల్లో, 5,001 నుండి 15,000 చదరపు అడుగుల భవనానికి 125 చదరపు అడుగులు సూచించారు. అది పొడి చెత్తకు మాత్రమే. మన అన్నం, కూరల తడి చెత్తకు చోటు వేరుగా కావాలి, దాన్ని ఏ రోజుకారోజు పంపేయాలి.

గది మంచినీళ్లకు, భోజనాల గదికి దూరంగా, బయటికి తలుపుతో ఉండాలి. కడిగితే నీరు పోయే నేల, గాలిని బయటికి తోసే ఫ్యాను, ఎలుక దూరని తలుపు పెట్టించండి. పాత ట్యూబులైట్లకు, బ్యాటరీలకు విడిగా ఒక పెట్టె. ట్యూబులో పాదరసం ఉంటుంది. పగిలితే చీపురు పట్టకండి, కిటికీలు తెరిచి పావుగంట అందరూ బయటికి పోవాలి. ఫ్యాక్టరీ రసాయనాల చెత్తను మాత్రం ఈ గదిలోకి రానివ్వకూడదు, దాని నియమాలు వేరు.

గది కట్టేలోగా మీ బల్ల అక్కడినుంచి జరిపించుకోండి. ఆయాసం గాని, ఛాతీలో పిల్లికూతలు గాని మొదలైతే ఆలస్యం చేయక డాక్టరుకు చూపించుకోండి.