రెండో కేబుల్ ఉంది సరే, పరీక్షించారా?

2024 నవంబర్ 30 రాత్రి ఫెంగల్ తుపాను పుదుచ్చేరి సమీపంలో తీరం దాటింది. ఒక్క రోజులో 46 సెంటీమీటర్లకు పైగా వాన కురిసి, పట్టణంలో వీధులు నీట మునిగాయి. 2011 డిసెంబర్ 30న థానే తుపాను కూడా ఈ తీరాన్నే దెబ్బతీసింది. ఇలాంటి ఊళ్లో ఆసుపత్రి రికార్డులు, ప్రభుత్వ దస్త్రాలు సర్వర్లలో ఉన్నప్పుడు, ఒక్క కేబుల్ పాడైతే పని ఆగిపోకూడదు. గోదావరి ఒడ్డున ఉన్న యానాం కూడా పుదుచ్చేరి పాలనలోనిదే కాబట్టి ఇది తెలుగువారికీ సంబంధించిన విషయమే.

దీనికి లినక్స్‌లో ‘బాండింగ్’ అనే ఏర్పాటు ఉంది. రెండు నెట్‌వర్క్ కార్డులను కలిపి ఒకే వర్చువల్ ఇంటర్‌ఫేస్‌గా మారుస్తారు. ఐపీ అడ్రసును ఆ ఇంటర్‌ఫేస్‌కే ఇస్తారు. ‘యాక్టివ్-బ్యాకప్’ పద్ధతిలో ఒక కార్డు పనిచేస్తుంటే, రెండోది సిద్ధంగా ఉంటుంది. లింకును సాధారణంగా 100 మిల్లీసెకన్లకు ఒకసారి గమనించేలా అమరుస్తారు. మొదటిది ఆగగానే రెండోది అందుకుంటుంది. వాడేవారికి ఆ సంగతే తెలియదు.

ఆ తెలియకపోవడంలోనే ప్రమాదం ఉందని నా అభిప్రాయం. మొదటి కేబుల్ మార్చిలో పాడైందనుకుందాం. సర్వర్ మామూలుగానే నడుస్తుంది, ఎవరూ ఫిర్యాదు చేయరు. నవంబర్ తుపానులో రెండోదీ పోయినప్పుడు గాని అసలు విషయం బయటపడదు. స్టెప్నీ వేసుకున్నాక, పంక్చరైన టైరును బాగు చేయించకుండా నెలల తరబడి తిరగడం లాంటిదే ఇది.

అమరికలోనూ లోపాలుంటాయి. రెండు కేబుళ్లనూ ఒకే స్విచ్‌కు కలిపితే, ఆ స్విచ్ పోయినప్పుడు రెండూ పోతాయి. స్విచ్‌కు అవతల దారి తెగినా సర్వర్ దగ్గర లింకు బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. అందుకే అవతలి యంత్రానికి ఏఆర్‌పీ సందేశం పంపి, జవాబు వస్తోందో లేదో చూసే పద్ధతి కూడా బాండింగ్‌లో ఉంది. సర్వరే ఆగిపోతే ఐపీ అడ్రసు మరో సర్వర్‌కు మారేలా ‘కీపలైవ్‌డీ’తో ఏర్పాటు చేసుకోవచ్చు. కానీ రెండు సర్వర్లూ నీళ్లు చేరే ఒకే గదిలో ఉంటే ఏ సాఫ్ట్‌వేరూ కాపాడలేదు.

కాబట్టి ప్రతి ఏటా ఈశాన్య రుతుపవనాలు రాకముందే, పట్టపగలు, సిబ్బంది అందరూ ఉన్నప్పుడు మొదటి కేబుల్‌ను చేత్తో తీసి చూడాలి. బాండ్ స్థితిని చూపే ఫైలులో ప్రతి కార్డు లింకు ఎన్నిసార్లు తెగిందో లెక్క ఉంటుంది. దాన్ని వారం వారం చదివే బాధ్యత ఒకరికి అప్పగించాలి. టెండర్లలో రెండో కార్డుతో పాటు ఈ పరీక్షను కూడా షరతుగా చేర్చాలి.

‘బాగా నడుస్తున్నదాన్ని ఎందుకు కదపాలి?’ అని కొందరు అడుగుతారు. పరీక్షలో తప్పు బయటపడితే సేవ కొద్ది నిమిషాలు ఆగవచ్చు, నిజమే. అదే తప్పు తుపాను రాత్రి బయటపడితే, దాన్ని సరిచేయాల్సిన మనిషి ఆ నీళ్లు దాటి రావాలి.