పసుపు మాకు, సూదిమందు మీకా?

వంటింట్లోనే వైద్యం ఉందని పత్రికలూ టీవీలూ ఊదరగొడుతున్నాయి. చెప్పేదెవరు? జ్వరమొస్తే కారెక్కి కార్పొరేట్ ఆస్పత్రికి పోయేవాళ్లు. వాళ్లకు పసుపుపాలు మందుమీద అదనం. మన వాడకొచ్చేసరికి అదే మందుకు బదులైంది. మోసం ఇక్కడుంది.

వంటింటిని మేం తక్కువ చేయడం లేదు. పిల్లకు విరేచనాలైతే లీటరు శుభ్రమైన నీళ్లలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి తాగిస్తే ప్రాణం నిలుస్తుంది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీళ్లతో కలరా రోగుల్ని బతికించాడు. ఇది నమ్మకం కాదు, శాస్త్రం. పేగు చక్కెరనూ ఉప్పునూ జతగా పీలుస్తుంది, వాటివెంట నీళ్లూ పోతాయి. అయినా పిల్ల తాగలేక సొమ్మసిల్లితే సెలైనే ఎక్కించాలి.

మరి పాముకాటుకో? నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, ఇసుక పింజరి. ఈ నాలుగింటికీ విరుగుడు గుర్రాల రక్తం నుంచి తీసిన సూదిమందే. పసుపు పూసినా, పసరు పోసినా ఒంట్లోకెక్కిన విషం దిగదు. 2000 నుంచి 2019 దాకా ఈ దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చచ్చిపోయారని పరిశోధకుల అంచనా. ఎక్కువమంది పల్లెజనమే. వరి కోసేదెవరు? రాత్రిపూట మడికి నీళ్లు కట్టేదెవరు? చెప్పుల్లేని కాళ్లెవరివి? ఆ మందుకోసం పాముల్ని పట్టి విషం తీసిచ్చేవాళ్లలో ముందున్నదీ తమిళనాడు ఇరుల ఆదివాసులే.

1995లో అమెరికా పసుపుమీద పేటెంటిస్తే మన సర్కారీ శాస్త్రసంస్థ కొట్లాడి 1997లో రద్దు చేయించింది. మంచిదే. పసుపు పరువుకోసం అమెరికా దాకా పోయిన రాజ్యానికి, మండల ఆస్పత్రిలో సూదిమందు ఉందో లేదో చూసే తీరిక లేదా?

"మీ తాతలు ఆకుపసరుతో బతకలేదా?" అంటారు. బతికినోళ్లనే లెక్కపెడతారు, చచ్చినోళ్ల లెక్క ఎవరు రాశారు? అంటరానివాడని మన నాడి పట్టుకోని కాలాన్ని ఇవాళ సంప్రదాయమని అమ్ముతున్నారు.

అన్నలారా, అక్కలారా! కాటు పడ్డ కాలు కదపకండి, కోయకండి, బిగించి కట్టకండి. మంత్రగాడి గుమ్మంలో గంట పోగొట్టుకోకండి. నేరుగా ఆస్పత్రికి పోండి. మందు లేదంటే ఆ మాటే కాగితమ్మీద రాసిమ్మనండి. ఆ కాగితాలు పట్టుకుని కలెక్టరాఫీసు ముందు కూచుందాం.

పసుపు కూరలోకి చాలు. మందు మన హక్కు!