దగ్గు మందూ, దోషమూ

మా బి.కొత్తకోటలో తెల్లారకముందే పిల్లోళ్లు హార్స్‌లీ కొండల రోడ్డు మీద పరిగెత్తుతుంటారు. కానిస్టేబుల్ సెలక్షన్ కోసం కొందరు, జిల్లా మీట్ల కోసం కొందరు. వాళ్లలో ఒకడు ఆ మధ్య మదనపల్లెలో కొన్న పౌడరు డబ్బా నా చేతికిచ్చి, "ఇది తాగితే ఏం కాదు కదన్నా?" అని అడిగినాడు. డబ్బా మీద ఉన్నదంతా చదివినాను. అయినా జవాబు చెప్పలేకపోయినాను.

డోపింగ్ చట్టం మాత్రం జవాబు తడుముకోదు. ఒంట్లో ఏం దొరికినా బాధ్యత ఆటగాడిదే. ఎవరిచ్చారు, ఎందుకు తాగాడు అన్నవి శిక్ష తగ్గించుకోవడానికి మాత్రమే పనికొస్తాయి. వినడానికి కర్కశంగా ఉంటుంది. క్రికెటర్ పృథ్వీ షా సంగతే చూడండి. 2019 ఫిబ్రవరి 22న ఇండోర్‌లో సయ్యద్ ముస్తాక్ అలీ టోర్నీ అప్పుడు ఇచ్చిన నమూనాలో టెర్బుటలిన్ బయటపడింది. అది మనం దగ్గొస్తే చీటీ లేకుండా కొనుక్కునే సిరప్‌లలో ఉండే మందే. తెలియక తాగానని 19 ఏళ్ల ఆ కుర్రాడు చెప్పాడు, క్రికెట్ బోర్డు నమ్మింది, 8 నెలల నిషేధం వేసింది.

ఇంతకన్నా బాధ కలిగించేది మణిపూర్ వెయిట్‌లిఫ్టర్ సంజితా చాను కథ. 2014, 2018 కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణాలు తెచ్చిన మనిషి. 2017 నవంబరులో అమెరికాలో ఇచ్చిన నమూనా మీద 2018 మేలో సస్పెండ్ చేశారు. ఆ ఏడాది ఆసియా క్రీడలు పోయాయి. తీరా చూస్తే నమూనా నంబర్లలో పొరపాటు జరిగిందని అంతర్జాతీయ సమాఖ్యే ఒప్పుకుంది. 2020లో ఆరోపణ ఎత్తేశారు. పోయిన కాలం మాత్రం తిరిగి రాలేదు.

కథ ఇక్కడే ఆగి ఉంటే ఈ వ్యాసం రాయడం సులువయ్యేది. 2022లో గుజరాత్ జాతీయ క్రీడల్లో ఆమె నమూనాలో డ్రోస్టనొలోన్ అనే స్టెరాయిడ్ దొరికింది, మరుసటి ఏడాది 4 ఏళ్ల నిషేధం పడింది. రెండోది నిజమైనంత మాత్రాన మొదటి అన్యాయం న్యాయమైపోదు. మొదట అన్యాయం జరిగిందని రెండోదాన్ని మాఫీ చేయలేం.

కఠినంగా ఉండాలనే వాళ్ల మాటలో పస ఉంది. 2024లో మన దేశంలో 7,113 నమూనాలు పరీక్షిస్తే 260లో నిషేధిత మందులు దొరికాయి. పెద్ద ఎత్తున పరీక్షలు చేసే దేశాల్లో ఆ ఏడాది ఇంత శాతం ఇంకెక్కడా రాలేదు. 2023 సెప్టెంబరులో ఢిల్లీ రాష్ట్ర అథ్లెటిక్స్ పోటీలకు పరీక్షాధికారులు వచ్చారని తెలిసి పరుగు వీరులు మాయమయ్యారు. 100 మీటర్ల ఫైనల్లో ఒక్కడే పరిగెత్తాడు. తెలియక తాగినవాడు పారిపోడు కదా! మందు తాగినవాళ్ల వెనక నాలుగో స్థానంలో నిలిచిన పేద పిల్ల గోడు ఏ పత్రికలోనూ రాదు. నాకు ఆ పిల్ల మీదే ఎక్కువ జాలి.

పరీక్ష సరిగా లేకపోతే ఏమవుతుందో అమెరికా బేస్‌బాల్ చెబుతుంది. 2003లో పేర్లు బయటపెట్టబోమని మాటిచ్చి ఆటగాళ్లకు పరీక్షలు చేశారు. పేర్లు బయటికి పొక్కాయి. 2007లో, ఆ ఆటలో మందుల వాడకం మీద జరిగిన విచారణ తాలూకు మిచెల్ నివేదిక 89 మంది పేర్లు రాసింది. వాటిలో చాలా వరకు ల్యాబు తేల్చినవి కావు, మందులు అందించినవాళ్లు చెప్పినవి. 762 హోమ్ రన్‌లు కొట్టినా మందుల అనుమానం వెంటాడిన బ్యారీ బాండ్స్‌కు 2022లో, బేస్‌బాల్ రచయితల ఓటింగులో ఆఖరి అవకాశంలో, 66 శాతం ఓట్లే వచ్చాయి. 75 శాతం రాలేదు గనుక హాల్ ఆఫ్ ఫేమ్ తలుపు తెరుచుకోలేదు. 2003 జాబితాలో పేరుందని పత్రికల్లో వచ్చిన డేవిడ్ ఓర్టిజ్ మాత్రం అదే ఏడాది లోపలికి వెళ్లాడు. తేల్చని అనుమానం ఒక్కొక్కరి మీద ఒక్కో రకంగా పనిచేస్తుంది.

అందుకని అంతా గుట్టుగా ఉంచాలా? అదీ ప్రమాదమే. పృథ్వీ షా నమూనా ఫిబ్రవరిలో ఇస్తే సంగతి లోకానికి తెలిసింది జూలై 30న. నిషేధం మార్చి 16నే మొదలైనట్టు లెక్కగట్టి నవంబరు 15తో ముగించారు. ఆ మధ్యలో అతను ఐపీఎల్ ఆడేశాడు. ఆడిన రోజులు కూడా శిక్షలో కలిశాయి. వెనక బోర్డు లేని లిఫ్టర్‌కు ఇలాంటి వెసులుబాటు దొరుకుతుందా?

నా తీర్పు ఇది. ఒంట్లో దొరికితే బాధ్యత ఆటగాడిదే అన్న నియమం ఉండాలి. అది తీసేస్తే ప్రతివాడూ దగ్గు మందు కథే చెబుతాడు. కానీ విడిగా దాచి ఉంచే రెండో నమూనా (బి శాంపిల్) తేలేదాకా పేరు బయట పెట్టకూడదు, ఆ రోజులన్నీ మైదానంలోకి రానివ్వకూడదు. మందు తెచ్చిచ్చిన కోచ్‌నూ, అమ్మినవాడినీ ఆటగాడితో పాటు నిలబెట్టాలి. ఇప్పుడు దొరికేది ఎక్కువగా తాగినవాడే.

ఆ పిల్లోడికి నేను బాకీ ఉన్న జవాబు ఇక్కడ చెబుతున్నాను. డబ్బాలో ఏముందో నాకూ తెలీదు, అమ్మినవాడికీ తెలియకపోవచ్చు. దాన్ని పక్కన పెట్టు నాయనా. దగ్గొచ్చినా జ్వరమొచ్చినా, ఆటలు ఆడతానని డాక్టరుకు ముందే చెప్పు. రాసిచ్చిన మందు పేరు నాడా (జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ) వాళ్ల యాప్‌లో చూసుకున్నాకే నోట్లో వేసుకో.