కొండ దిగడం కూడా ప్రయాణమే



చలికాలం వచ్చిందంటే మన యౌవనస్థుల ఫోన్ స్టేటస్‌లలో మేఘాలే మేఘాలు. ఒకరు వంజంగి కొండ మీద, ఇంకొకరు లంబసింగి మంచులో. తెల్లారకముందే బయల్దేరి, చీకట్లో కొండెక్కి, సూర్యుడు పైకి వచ్చే వేళకు చేతులు చాచి ఫోటో దిగుతారు. చూడముచ్చటగా ఉంటుంది, నేనేమీ తప్పు పట్టడం లేదు. దేవుని చేతిపనిని చూడటానికి కాస్త నిద్ర మానుకుంటే మంచిదే. కానీ ఒక్క సంగతి గమనించారా? కొండ దిగుతున్న ఫోటో ఎవరూ పెట్టరు. మోకాళ్లు వణుకుతూ, నీళ్ల సీసా ఖాళీ అయిపోయి, చెప్పు తెగి, పక్కవాడి భుజం పట్టుకుని దిగుతున్న ఫోటో ఒక్కటి కూడా కనబడదు.

మన సాక్ష్యాలు కూడా ఇలాగే తయారయ్యాయని నా అభిప్రాయం. ఉద్యోగం వచ్చినవారు నిలబడి సాక్ష్యం చెబుతారు, జబ్బు నయమైనవారు చెబుతారు. అందుకు దేవునికి స్తోత్రం. మరి ఉద్యోగం పోయినవాడు ఎక్కడ కూర్చున్నాడు? వెనక వరుసలో, తలుపు దగ్గర. మూడు నెలలు పోయాక అక్కడ కూడా కనబడడు. శిఖరం మీద ఉన్నవాడినే మనం విశ్వాసి అంటున్నాం. దిగుతున్నవాడిని పడిపోయినవాడు అంటున్నాం. దిగడం వేరు, పడిపోవడం వేరు. ఈ రెంటికీ తేడా తెలియని సంఘంలో బలహీనుడికి చోటు ఉండదు.

కొండలు ఎక్కడమే పనిగా పెట్టుకున్నవారిని అడిగితే మొదట చెప్పే మాట ఇదే: శిఖరం చేరితే సగం దారి అయినట్టు, అంతే. అలసిపోయిన కాళ్లతో, చాలని ఊపిరితో, మారిపోతున్న వాతావరణంలో దిగాల్సిన సగం ఇంకా మిగిలే ఉంటుంది. అంత దూరం ఎందుకు, మన శంకరం దగ్గర బొజ్జన్నకొండ మెట్లు ఎక్కి చూడండి. ఎక్కేటప్పుడు ఆయాసం, దిగేటప్పుడు మోకాళ్ల నొప్పి. ఎక్కేటప్పుడు కండ బిగుసుకుని ఒంటిని పైకి లేపుతుంది. దిగేటప్పుడు అదే కండ సాగుతూనే ఒంటి బరువును ఆపాలి, బండికి బ్రేకు వేసినట్టు. అందుకే కొండ దిగిన మర్నాడు, ఆ మరుసటి రోజు తొడలు పట్టేస్తాయి. అది ఓడిపోయిన నొప్పి కాదు, బరువును ఆపి నిలబెట్టిన నొప్పి.

పెద్ద కొండల సంగతి ఇంకా ఆలోచించదగ్గది. సుమారు 2500 మీటర్ల ఎత్తు దాటితే గాలి పలచనై కొందరికి తలనొప్పి, వాంతులు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. అందుకని 3000 మీటర్లు దాటాక, ఈ రాత్రి పడుకునే చోటు నిన్నటి చోటుకంటే 500 మీటర్లకు మించి ఎత్తులో ఉండకూడదని వైద్యులు చెబుతారు. ఇంకా పైకి వెళ్లేవారు పగలు పై మకాం దాకా ఎక్కి, రాత్రికి కిందికి దిగి పడుకుంటారు. ఇలా ఎక్కుతూ దిగుతూ ఉంటే ఆ పలచని గాలికి ఒళ్లు అలవాటు పడుతుంది, రక్తంలో ఎర్ర కణాలు పెరుగుతాయి. అలా కాక ఒక్క ఊపున పైకి పోయినవాడే జబ్బు పడతాడు. జబ్బు ముదిరితే అన్నిటికంటే నమ్మకమైన మందు ఏమిటో తెలుసా? కిందికి దిగడం. ఆ ఎత్తులో దిగడం అవమానం కాదు. అదే ప్రాణం.

మన తెలుగు పిల్లల్లో ఇద్దరిని గుర్తు చేసుకుందాం. 2014 మే 25న నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల్లో చదివినవారే. పూర్ణకు అప్పటికి 14 ఏళ్లు నిండలేదు. ఒక్క రోజులో జరిగిన పని కాదది. మొదట భువనగిరి బండల మీద నేర్చుకున్నారు, తరవాత హిమాలయాల్లో, లడఖ్ చలిలో. శిఖరం మీద జెండా పట్టుకున్న ఫోటో దేశమంతా చూసింది. ఆ ఏడాది ఏప్రిల్ 18న అదే కొండకు నేపాల్ వైపున మంచు విరిగిపడి 16 మంది నేపాలీలు చనిపోయారన్న సంగతి మాత్రం చాలామంది మర్చిపోయారు. ఇతరులు ఎక్కడానికి తాళ్లు, నిచ్చెనలు, సామాన్లు మోసుకెళ్లేవాళ్లు వాళ్లు. ఒకరి శిఖరం వెనక ఎంతమంది భుజాలు ఉంటాయో!

ఇంకొకరు మల్లి మస్తాన్ బాబు. నెల్లూరు జిల్లా బిడ్డ. చదివింది మన పక్కనే, విజయనగరం దగ్గర కోరుకొండ సైనిక పాఠశాలలో. 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల్లోని అతి ఎత్తైన శిఖరాలన్నీ ఎక్కాడు. అలాంటివాడు 2015 మార్చి చివర్లో దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాల్లో ఒంటరిగా వెళ్లి తిరిగి రాలేదు. ఏప్రిల్ తొలి రోజుల్లో, మనం గుడ్ ఫ్రైడే, ఈస్టర్ ఆచరిస్తున్న ఆ దినాల్లోనే, ఆయన చనిపోయాడన్న వార్త వచ్చింది. తరవాత దేహాన్ని సొంతూరికి తెచ్చారు. ఆయనను తప్పు పట్టే అర్హత మనకు లేదు. ఒక్కటి మాత్రం చెప్పుకోవచ్చు: ఎన్ని శిఖరాలు ఎక్కినవాడికైనా కొండ మెత్తబడదు. నిన్నటి విజయం ఈ రోజు చలికి దుప్పటి కాదు.

ఇప్పుడు వాక్యంలోకి వద్దాం. 1 రాజులు 18, 19 అధ్యాయాలు ఒకేసారి చదవండి. మనం 18 మాత్రమే ప్రసంగిస్తాం, 19 దగ్గర గొంతు తగ్గిస్తాం. కర్మెలు పర్వతం మీద ఏలీయా ప్రార్థిస్తే ఆకాశం నుండి అగ్ని దిగింది, కరువు దేశంలో వాన కురిసింది, ఆయన అహాబు రథం ముందు యెజ్రెయేలు దాకా పరుగెత్తాడు. మనమైతే అక్కడ ముగించి స్తోత్రగీతం పాడేస్తాం. కానీ వాక్యం అక్కడ ఆగలేదు. యెజెబెలు పంపిన ఒక్క కబురుతో అదే ఏలీయా ప్రాణభయంతో బెయేర్షెబా దాకా పారిపోయాడు, దాసుడిని అక్కడ విడిచాడు, ఒంటరిగా అరణ్యంలోకి ఒక దినప్రయాణం నడిచి, బదరీవృక్షం కింద కూర్చుని చావును కోరుకున్నాడు.

అప్పుడు దేవుడు ఏమి చేశాడో గమనించండి. అగ్ని రప్పించినవాడివి, ఇంత అల్పవిశ్వాసం ఏమిటని గద్దించలేదు. దూతను పంపి తట్టి లేపి రొట్టె పెట్టాడు, నీళ్లు ఇచ్చాడు, మళ్లీ పడుకోనిచ్చాడు. రెండోసారి తట్టి లేపి మళ్లీ తినమన్నాడు, ముందున్న ప్రయాణం నీ శక్తికి మించినదని చెప్పాడు. ఆ భోజనం బలంతో ఏలీయా నలభై రాత్రింబగళ్లు నడిచి దేవుని పర్వతమైన హోరేబుకు చేరాడు. హోరేబు అని అనాదిగా చెప్పుకునే సీనాయి ప్రాంతంలోని జెబెల్ మూసా ఎత్తు 2285 మీటర్లు. కర్మెలు అందులో నాలుగోవంతు కూడా ఉండదు. చిన్న కొండ మీద అగ్ని చూసినవాడు, పెద్ద కొండ మీద నెమ్మదియైన స్వరం విన్నాడు. ఆ రెండు కొండలకూ మధ్య ఉన్నది బదరీవృక్షం. దాన్ని దాటకుండా హోరేబు రాలేదు.

కొందరు అడగవచ్చు: పాస్టర్ గారూ, ఇలా చెబితే దిగజారినవాళ్లకు సాకు దొరకదా? మందిరానికి రానివాడు కూడా నేను చెట్టు కింద ఉన్నానంటాడు కదా? మంచి ప్రశ్నే. దూత రొట్టె పెట్టింది అక్కడే కాపురం ఉండమని కాదు, లేచి నడవమని. హోరేబు గుహలో కూడా దేవుడు, ఏలీయా, ఇక్కడ నీకేమి పని అన్నట్టు అడిగాడు. ఆ తరవాత వచ్చిన దారినే తిరిగి పంపాడు, పని అప్పగించాడు, తోడుగా ఎలీషాను చూపించాడు, నీవొక్కడివే కాదు, బయలుకు మోకాలు వంచనివారు ఇంకా ఏడు వేలమంది ఉన్నారని తెలియజేశాడు. అలసినవాడికి సాకు ఇవ్వకూడదు. రొట్టె ఇవ్వాలి. తిన్నాక లేవమనాలి. మనం చాలాసార్లు రొట్టె పెట్టకుండానే లేవమంటున్నాం.

కొండ ఎందుకు దిగాలో మార్కు సువార్త 9వ అధ్యాయం చెబుతుంది. రూపాంతర కొండ మీద పేతురుకు ఎంత బాగుందంటే, అక్కడే మూడు పర్ణశాలలు కట్టేద్దాం అన్నాడు. ప్రభువు కట్టనివ్వలేదు, వాళ్లను తీసుకుని దిగాడు. కొండ కింద ఎవరున్నారు? మూగదయ్యం పట్టి నేలమీద పొర్లాడుతున్న కొడుకుతో ఒక తండ్రి. శిష్యులు చేతకాక నిలబడి ఉన్నారు. ప్రభువు దిగి రాకపోతే ఆ తండ్రి గతి ఏమిటి?

అలాంటి తండ్రులు మన జిల్లాలో కూడా ఉన్నారు. రోలుగుంట, రావికమతం, మాడుగుల వైపు కొండల మీది గూడేల్లో రోడ్డు లేని చోట నొప్పులు పడుతున్న తల్లినో, జ్వరంతో ఒళ్లెరగని పిల్లవాడినో కర్రకు గుడ్డ కట్టి డోలీలో పడుకోబెట్టి మోసుకొస్తారు. ముందు ఒకరు, వెనక ఒకరు, భుజం మార్చడానికి పక్కన ఇద్దరు ముగ్గురు. వాన పడితే బురద, వాగు వస్తే మొలలోతు నీళ్లు. 108 బండి ఆగే చోటుకు దిగితే చాలు, అదే వాళ్లకు శిఖరం. మనం సరదాగా ఎక్కే కొండను వాళ్లు ప్రాణం కోసం దిగుతున్నారు. వంజంగిలో మేఘాలు చూసి వచ్చే దారిలో, మన యౌవనస్థులారా, ఆ కొండల్లో మనుషులు కూడా ఉన్నారని గుర్తుంచుకోండి. వాళ్ల గూడేలకు రోడ్డు కావాలని అడిగే గొంతుల్లో మన సంఘం గొంతు కూడా ఉండాలి. అది రాజకీయం కాదు, కొండ కింద ఉన్న తండ్రి దగ్గరకు దిగడం.

కాబట్టి నా మనవి మూడు మాటల్లో చెబుతాను.

మొదటిది, సాక్ష్యాల సమయంలో దిగుతున్నవారికి కూడా చోటిద్దాం. ఇంకా జవాబు రాలేదు, అయినా ప్రార్థిస్తున్నాను అని ఒక తల్లి నిలబడి చెబితే, అది కూడా సాక్ష్యమే. దానికి కూడా ఆమేన్ అందాం. ఆమె కూర్చున్నాక పక్కవారితో గుసగుసలు వద్దు.

రెండవది, యౌవనస్థుల కూడికలు, ఉపవాస ప్రార్థనలు ముగిసిన మరుసటి వారం మనకు ముఖ్యం కావాలి. మూడు రోజులు పాటలతో, కన్నీళ్లతో ఎత్తుకు ఎక్కిన పిల్లవాడు సోమవారం పొద్దున్న కాలేజీ బస్సులో ఒంటరివాడవుతాడు. నిన్నటి ఆనందం లేదేమిటి, దేవుడు నన్ను విడిచేశాడా అనుకుంటాడు. విడువలేదు నాన్నా, నువ్వు దిగుతున్నావు, అంతే. ఆ మాట చెప్పడానికి పెద్దలు ఆ వారంలోనే ఆ ఇంటికి వెళ్లాలి. వెళ్లేటప్పుడు ప్రసంగం పట్టుకెళ్లకండి. రెండు అరటిపళ్లు పట్టుకెళ్లండి.

మూడవది, వెనక్కి తిరిగినవాడిని ఎగతాళి చేయవద్దు. వాతావరణం చెడితే శిఖరం కళ్లెదుట కనిపిస్తున్నా వెనక్కి తిరిగేవాడే అనుభవమున్నవాడు, కొండ ఎక్కడికీ పోదు. పోటీ పరీక్షలకు ఏళ్ల తరబడి చదివి, ఇంటి పరిస్థితి చూసి, చిన్న ఉద్యోగంలో చేరిన తమ్ముడు ఓడిపోలేదు. అప్పు తీర్చలేక వ్యాపారం మూసేసి కూలికి వెళుతున్న అన్న సిగ్గుపడనక్కరలేదు. సిగ్గుపడాల్సింది, అది చూసి నవ్విన మనం.

ప్రియులారా, ఈ వారం మీలో కొందరు శిఖరం మీద ఉన్నారు. సంతోషించండి, స్తుతించండి, కానీ అక్కడ పర్ణశాల కట్టకండి. కొందరు దిగుతున్నారు. చిన్న అడుగులు వేయండి, తొందరపడకండి, పక్కవారి భుజం పట్టుకోవడానికి మొహమాటపడకండి. ఇంకొందరు బదరీవృక్షం కింద ఉన్నారు. మీతో నేను చెప్పేది ఒక్కటే: తినండి, పడుకోండి, ఎవరినైనా పిలవండి. అర్ధరాత్రయినా పాస్టర్ గారి తలుపు తట్టండి. ఏలీయాను తట్టి లేపిన దేవుడు మిమ్మల్ని కూడా తట్టి లేపుతాడు.

కొండలకు దేవుడైనవాడు లోయలకు కూడా దేవుడై, ఎక్కేటప్పుడు మీ ఊపిరియై, దిగేటప్పుడు మీ చేతికర్రయై మిమ్మును కాపాడును గాక. ఆమేన్.